మౌనం గంటలో చప్పుడు

ఫిబ్రవరి 7

డాక్టర్ హైమవతి ఇవాళ నాకు మూడు రాసిచ్చింది. మొదటిది ఐరన్ మాత్ర, రెండోది కాల్షియం మాత్ర. మూడోది మాత్ర కాదు. "వ్యక్తిగత సుఖ సాధనం, ఒకటి" అని, కాలి పగుళ్ళకు మలాం రాసినంత మామూలుగా రాసి చీటీ నా చేతిలో పెట్టింది.

మడిచి జేబులో వేసుకుని లేవబోయాను.

"కూర్చోండి ఇందుమతి గారూ," అంది. "సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

"నాలుగేళ్ళు."

"మీ ఆయన ఒడ్డుకు వెళ్ళిపోయి?"

"ఎనిమిదేళ్ళు. విడాకుల కాగితాలు కూడా అయిపోయాయి. దానికీ దీనికీ సంబంధం ఏమిటి?"

"నేనూ అదే చెబుతున్నా. ఆయనకూ దీనికీ సంబంధం లేదు. ఇది మీ ఒంటి సంగతి." జారిన కళ్ళజోడు పైకి తోసుకుంది. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది, మాటలు మాత్రం మా మేనత్తలా ఉంటాయి. "నెలసరి ఆగితే ఒళ్ళు ఆగినట్టు కాదు. పొడిబారుతోందన్నారు, చిరాకన్నారు, నిద్ర లేదన్నారు. నిద్రమాత్రలు మీకు పడవు. ఇది వాడి చూడండి. నచ్చకపోతే మూల పడేయండి."

"నా వయసులో..."

"మీ వయసు వాళ్ళకే ఎక్కువ రాస్తాను."

"ఎవరెవరికి రాశారేం?"

"అది మీకు చెబితే మీది వాళ్ళకు చెప్పాల్సొస్తుంది."

లేచి వచ్చేశాను.

ఈ పుస్తకం నిజానికి రబ్బరు పుస్తకం. సముద్రం అడుగున మా ఊరు కడలిమెట్టలో నూట ఎనభై తలుపులున్నాయి, మా నెత్తిమీద అరవై మీటర్ల సముద్రం ఉంది. ప్రతి తలుపు అంచునా ఉండే సిలికాన్ రబ్బరు ఎప్పుడు వేశారు, ఎప్పుడు కడిగారు, ఎక్కడ అరిగింది, అన్నీ దీంట్లో రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఇరవై ఒక్క ఏళ్ళుగా అదే పని. సొంత సంగతులు దీంట్లో రాయకూడదని తెలుసు. కానీ ఏదైనా ఇక్కడ రాసుకోకపోతే నాకు జరిగినట్టే ఉండదు. అందుకని వెనక పేజీల్లో రాసుకుంటున్నాను. ఎవరు చూడొచ్చారు.

ఫిబ్రవరి 10

ఒడ్డు నుంచి నెలకోసారి సరుకు పెట్టె దిగుతుంది. దాంట్లో మనిషికి ఏడాదికి అరకిలో సొంత సామాను తెప్పించుకోవచ్చు. నేను ఏటా అరకిలో కాఫీ పొడి తెప్పించుకుంటాను. ఇక్కడి కాఫీ అనబడే ద్రవం గురించి రాసి పేజీ పాడుచేయను. ఈ సాధనానికి పెట్టెతో కలిపి రెండు వందల నలభై గ్రాములట. అంటే సగం ఏడాది కాఫీ పోయినట్టే. ఆ సంగతి తలుచుకుంటేనే ఏడుపొచ్చింది.

హైమవతి తన గదిలోనే జాబితా తెరిచి పెట్టి, "చూసుకోండి, నేను పక్క గదిలో ఉంటా," అని వెళ్ళింది. చూశాను. ఇన్ని రకాలెందుకో అర్థం కాలేదు. కాసేపు సిగ్గేసింది. ఆ తరువాత తలుపు రబ్బర్లు చూసే మనిషిలా చూడటం మొదలుపెట్టాను, సిగ్గు పోయింది.

జెల్లీ రబ్బరువి చవక, మెత్తన. వాటిని చూడగానే కొట్టేశాను. అలాంటి రబ్బరులో కంటికి కనపడని కంతలుంటాయి. ఈ ఊరి చెమ్మకు నెల తిరక్కుండా లోపల బూజు పడుతుంది, ఎంత కడిగినా పోదు. పైగా అవి ఘాటు వాసన వేస్తాయి. వాసన వేసే రబ్బరును నేను తలుపుకే పెట్టను, ఒంటికెలా పెడతాను? గాజువి శుభ్రమే గానీ పగుళ్ళ భయం. స్టీలువి బరువు, ఉన్న కాఫీ కూడా పోతుంది. మిగిలింది సిలికాన్. అతుకు లేకుండా ఒకే ముక్కగా పోతపోసినవి నాలుగున్నాయి.

హైమవతి తిరిగొచ్చి వాటిలో రెండు తీసేసింది. "మొదటిసారి కొనేవాళ్ళు పెద్దది కొని, భయపడి, అటకెక్కిస్తారు. చిన్నది చాలు, పైపైన వాడేది. వేగం బాగా తగ్గించుకునే మీట ఉండాలి. నొప్పి అనిపిస్తే ఆపేయాలి, ఓర్చుకోవడానికి ఇదేం వ్రతం కాదు."

మిగిలిన రెండింట్లో ఏది తక్కువ చప్పుడు చేస్తుందో అది తీసుకున్నాను. గుసగుస కన్నా తక్కువ అని రాసుంది. మా గోడలు అట్టపెట్టెల్లా ఉంటాయి, పక్క గదిలో పైడితల్లి ఆవులిస్తే నాకు తెలుస్తుంది.

ఆ పైడితల్లే బయట ఎదురైంది. వంటశాల పెద్ద ఆవిడ. ఆరుగురు ఆడవాళ్ళను పెట్టుకుని రెండు వందల పన్నెండు మందికి మూడు పూటలా వండి పెడుతుంది, అయినా ఊరందరి సంగతులకూ తీరిక ఉంటుంది.

"ఈ యేడు కూడా కాపీ పొడేనా అక్కా?"

"సగమే. మిగతా దానికి మోకాలి పట్టీ," అన్నాను.

"ఒలమ్మ, నీ మోకాళ్ళకేటైనాది?"

"వయసైంది," అన్నాను. నోటికొచ్చిన అబద్ధం అదీ.

మార్చి 3

సరుకు పెట్టె దిగింది.

వస్తువు నంబరు: సున్నా. పదార్థం: సిలికాన్, ఒకే ముక్క, అతుకు లేదు. రంగు: వంకాయ. పొడవు: నా బొటనవేలు కన్నా కాస్త ఎక్కువ. వాసన: లేదు. గోటితో గీరితే గీత పడలేదు. మంచి సరుకే.

వాడక ముందు: ఘాటు లేని సబ్బు, గోరువెచ్చని నీళ్ళు ఒక చెంబు. లోపల మోటారు ఉంది కాబట్టి ఉడకబెట్టకూడదు. మెత్తటి గుడ్డతో తుడిచి అరగంట గాలికి ఆరబెట్టాను. చెమ్మ పూర్తిగా పోయాకే చార్జింగు పెట్టాను. పాత జాకెట్టు గుడ్డతో చిన్న సంచి కుట్టి దాంట్లో వేశాను. వేరే రబ్బరు ఏదీ తగలకూడదు, రెండు రకాల రబ్బర్లు ఒకదాన్నొకటి తినేస్తాయి. మా స్టోరు రూములో ఈ ముక్క కుర్రాళ్ళకు వెయ్యిసార్లు చెప్పుంటాను.

పెట్టెలో ఉచితంగా ఒక ట్యూబు జిడ్డు కూడా పంపారు. జారుడు కోసమట. వెనక చదివితే సిలికాన్ నూనె. సిలికాన్ వస్తువు కొన్నవాళ్ళకు సిలికాన్ నూనె పంపే మహానుభావుడెవరో! సిలికాన్ మీద సిలికాన్ నూనె పడితే రబ్బరు పీల్చుకుని ఉబ్బిపోతుంది. పనికిరాదు అని ట్యూబు మీద పెన్నుతో రాసి అల్మారా మీద పడేశాను. హైమవతి దగ్గర నీళ్ళతో చేసిన జెల్ తెచ్చుకున్నాను.

ఒళ్ళు అలిసిపోయింది. ఇవాళ్టికి ఇంతే.

మార్చి 6

మౌనం గంటలో వాడాను.

రోజూ మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఊళ్ళో పంపులు, ఫ్యాన్లు అన్నీ ఆపేస్తారు. ఎవరి గదిలో వాళ్ళు కూర్చోవాలి. గోడల్లో ఉన్న మైకులు, సముద్రం ఎక్కడైనా లోపలికి ఊరుతోందేమో వింటాయి. ఆ గంటలో చిన్నగా మాట్లాడుకున్నా దగ్గినా తప్పు లేదు, మనిషి చప్పుళ్ళను మైకులు వదిలేస్తాయి. నా వస్తువు గుసగుస కన్నా తక్కువ. అందుకని ఆలోచించలేదు.

మిగతా ఇరవై మూడు గంటల్లో నా తలుపు ఎవరో ఒకరు తడుతూనే ఉంటారు. తలుపు పట్టేసింది, రబ్బరు ఊడింది, తాళం ఇవ్వండి, సంతకం పెట్టండి. ఆ ఒక్క గంటా ఎవరూ రారు.

ఇరవై నిమిషాలు. ఇంకేమీ రాయను. కడిగాను, ఆరబెట్టాను, సంచిలో పెట్టాను. ఆ తరువాత మంచం మీద ఒరిగి సాయంత్రం ఆరు దాకా నిద్రపోయాను. లేచి చూస్తే దిండు తడిసి ఉంది, నోరు తెరుచుకుని పడుకున్నట్టున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మార్చి 11

9న ఒకసారి. ఇరవై నిమిషాలు. కడిగాను, ఆరింది. నిద్ర: మూడు గంటలు.

ఇవాళ పైడితల్లి ఉల్లిపాయల సంచి మోసి మోసి కాళ్ళు పీకుతున్నాయని నా గదికొచ్చి కూలబడింది. కూర్చున్నది ఊరుకోదు కదా, అల్మారా మీద చెయ్యి వేసింది.

"ఇదేటక్కా ఈ టూబు?"

"మోకాలి పట్టీతో వచ్చింది. నొప్పికి."

"పనికిరాదని రాసినావు?"

"నాకు పడలేదు."

"నాకు పడతాదేమో. తీసుకెల్తన్నాను." కొంగులో వేసుకుని వెళ్ళిపోయింది. పీడా పోయిందనుకున్నాను.

మార్చి 17

12న, 14న, ఇవాళ. కడిగాను, ఆరింది, మూడుసార్లూ.

మా మూడో వరసలో ఏదో ఊట ఉందట. గోడల మైకులు వినే వినికిడి గది వాళ్ళు నాలుగు రోజుల నుంచి నేల పలకలు పీకేసి, గోడ రేకులు విప్పేసి వెతుకుతున్నారు. ముప్పై ఒక్క మందిమి ఆ రేకుల మీదుగా గెంతుకుంటూ తిరుగుతున్నాం. వేడినీళ్ళ గొట్టం కూడా కట్టేశారు. చెంబుడు నీళ్ళు తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుని వెచ్చబెట్టాల్సి వచ్చింది. ఖర్మ.

మార్చి 21

నిన్న ఒకసారి. మామూలే.

వినికిడి గది పెద్ద అప్పలసూరి గారు పొద్దున్నే వచ్చాడు. యాభై ఐదేళ్ళ మనిషి, ఎడమ చెవి మందం, కుడి చెవితో ఊరినంతా కాపాడుకొస్తున్నాడు. కళ్ళు గుంటలు పడిపోయాయి.

"ఇందమ్మ గారూ, ఊట ఉందని మైకులు సెప్తన్నాయి, తడి మాత్రం కానరాదు. రేకులు విప్పడం అయిపోనాది. ఇంక తలుపులే మిగిలినాయి. సోమవారం మీ వరసలో నలభై ఆరు తలుపుల రబ్బర్లూ మీరే సొయంగా సూడాలి. మీ సంతకం ఉంటే నాకు దైర్యం."

"నాకు మాత్రం ఓపికెక్కడుంది సూరి గారూ," అన్నాను. అన్నానే గానీ ఒప్పుకున్నాను. సంతకం పెట్టేది నేను, ఇంకెవరు చూస్తారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పైడితల్లి, మా వరస చివరే ఉన్న వంటశాల వెనక తలుపు గురించి సణిగింది. ఆ తలుపు అవతల చెత్త గది ఎప్పుడూ సముద్రపు నీళ్ళతో నిండే ఉంటుంది. ప్రతి శనివారం పంపుతో నీళ్ళు తోడేసి, తలుపు తెరిచి, వారం తొక్కలన్నీ అందులో పెట్టి మూసేస్తారు. మళ్ళీ సముద్రం వచ్చి తీసుకుపోతుంది.

"ఇయ్యాల అది ఒక పట్టాన మూత పళ్ళేదక్కా. ఇద్దరం నడుం ఆన్చి తోసినాం."

"సోమవారం చూస్తాలే," అన్నాను. నిద్ర ముంచుకొస్తోంది, ఇంకేం అడగలేదు.

మార్చి 23

ఇది రాయడం నాకు ఇష్టం లేదు. రాస్తున్నాను.

నిన్న మౌనం గంటలో కూడా వాడాను. ఇవాళ పొద్దున్న ఎనిమిదింటికి మొదలుపెట్టి ఒక్కో తలుపు రబ్బరూ వేలితో తడుముకుంటూ వెళ్ళాను. మోకాళ్ళ మీద కూర్చోవడం, లేవడం. అబద్ధం ఆడినందుకు మోకాళ్ళు నిజంగానే పట్టేశాయి. ముప్పై ఎనిమిదో తలుపు దగ్గర అప్పలసూరి గారు టీ తెచ్చిచ్చాడు. తన పట్టిక కూడా చేతిలో ఉంది.

"సూడండి, ఇచిత్రం. ఈ సప్పుడు రోజూ రాదు. వచ్చిన రోజు మౌనం గంటలోనే వత్తాది, సన్నగా తుమ్మెద రొదలాగ. ఇంచుమించు ఇరవై నిమిషాలు. మళ్ళీ ఆగిపోద్ది."

పట్టిక చూశాను. 6. 9. 12. 14.

టీ గ్లాసు నేల మీద పెట్టేశాను. గాలిలో వినపడదు నిజమే. కానీ నాది ఇనుప మంచం, మంచం గోడకు బిగించి ఉంది, మైకు ఆ గోడలోనే ఉంది. ఇరవై ఒక్క ఏళ్ళు గోడల మధ్య పనిచేసిన దాన్ని, ఆ మాత్రం తట్టలేదు నాకు. పది రోజులుగా ఈ మనిషికి నిద్ర లేకుండా చేసింది నేను. ముప్పై ఒక్క మంది రేకుల మీద గెంతుతున్నది నా వల్ల.

తల కొట్టేసినట్టయింది. మిగతా తేదీలు చదవనే లేదు. "సరే, పూర్తి చేసేస్తాను," అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. నేను మిగతా ఎనిమిది తలుపుల దగ్గరకూ వెళ్ళలేదు. ఎందుకెళ్ళాలి, ఊట లేదని నాకు తెలుసు కదా. ముప్పై తొమ్మిది నుంచి నలభై ఆరు దాకా "బాగుంది, బాగుంది" అని రాసి, ఎనిమిది సంతకాలూ పెట్టి, గదికొచ్చి తలుపేసుకున్నాను.

చెప్పేయాలా? చెబితే రిపోర్టులో రాస్తారు. ఊట రిపోర్టు ఏదైనా మెస్సులో అందరి ముందూ చదవాలి, ఒక్క మాట కూడా దాచకూడదు. ఈ ఊరు కట్టిన కొత్తల్లో ఎవరి పరువో కాపాడటానికి ఒక పేరు దాస్తే పదకొండు మంది పోయారు. అప్పటి నుంచి అది నియమం. రెండు వందల పన్నెండు మంది ముందు ఇది చదవడమంటే ఇంక ఈ ఊళ్ళో నేను తలెత్తుకోలేను. వాడటం మానేస్తాను, చప్పుడు ఆగిపోతుంది, వాళ్ళే మరిచిపోతారు.

మార్చి 25

వాడలేదు. చప్పుడు రాలేదట. నిద్ర కూడా రాలేదు.

మార్చి 27

నిన్న మౌనం గంటలో నేను కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. వస్తువు సంచిలో ఉంది, సంచి అల్మారాలో ఉంది. మూడు కొట్టగానే అప్పలసూరి గారు నడవాలో కనిపించాడు.

"మళ్ళీ మోగిందమ్మా. ఈసారి గంటంతా."

విన్నట్టు తలూపి వచ్చేశాను.

గదిలోకొచ్చి ఈ పుస్తకం తీసి లెక్కపెట్టుకున్నాను. నేను వాడినవి ఏడు రోజులు: 6, 9, 12, 14, 17, 20, 22. పట్టికలో ఎన్ని ఉన్నాయో తెలియదు, ఆ రోజు చదవలేదుగా. రాత్రంతా అదే. ఇవాళ పొద్దున్న సమావేశంలో మేనేజరు విశ్వంభర్ గారు పట్టిక గోడ మీద వేశాడు. ఎనిమిది ఉన్నాయి, నిన్నటిది తొమ్మిది. 19న ఒకటి ఉంది. 19న నేను వస్తువు సంచిలోంచి తీయనే లేదు.

"రేకులన్నీ చూశాం. ఇందుమతి గారు నలభై ఆరు తలుపులూ చూసి సంతకం పెట్టారు," అన్నాడు విశ్వంభర్ గారు. "ఊట లేదు. మైకులే పాడయ్యాయి. మూడో వరస మైకులు ఈ రోజుతో ఆపేస్తున్నాం, కొత్తవి వచ్చే పెట్టెలో వస్తాయి. అందరూ అలిసిపోయారు, చాలు."

అందరూ హమ్మయ్య అన్నారు. అప్పలసూరి గారు కూడా తల దించుకున్నాడు. నా సంతకం అంటే ఆయనకు అంత నమ్మకం.

నేను లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను. జనం వెళ్ళాక ఆయన వెనకే వినికిడి గదికి వెళ్ళి, తలుపు వేసి, ఈ పుస్తకం వెనక పేజీలు తెరిచి ఆయన ముందు పెట్టాను.

"చదవండి. నవ్వితే మాత్రం ఇక్కడే చచ్చిపోతాను."

నవ్వలేదు. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాడు. సంచి కుట్టిన సంగతి దగ్గర కూడా మొహంలో ఏమీ మారలేదు. చదవడం అయ్యాక పెన్సిలు తీసుకుని తన పట్టికలో ఏడు తేదీలు కొట్టేశాడు.

"రెండు మిగిలినాయి," అన్నాడు. "పందొమ్మిది, నిన్న. ఈ రెండు రోజులూ మీ గది కాడ మైకు కంటే వంటింటి కాడ మైకే గట్టిగా ఇన్నాది. మీదీ అదీ కలిసిపోయి ఇన్నాళ్ళూ నాకు తెల్లేదు. వంటింట్లో ఎన్నో తలుపు?"

"నలభై మూడు."

"దాన్ని మీరు సూసినారు గదా?"

"చూడలేదు. ముప్పై తొమ్మిది నుంచి ఏదీ చూడలేదు సూరి గారూ. చూడకుండానే సంతకం పెట్టాను."

ఆయన నన్ను చూసిన చూపు మాత్రం ఈ జన్మకు మరిచిపోలేను. ఇందాక అన్ని పేజీలు చదివినా మారని మొహం, అప్పుడు మారింది.

ఇద్దరం పరుగెత్తాం. వంటశాలలో పైడితల్లి రేపటి కోసం తొక్కల బుట్టలన్నీ వెనక తలుపుకు ఆనించి పెట్టించింది. వాటిని లాగేసి మోకాళ్ళ మీద కూర్చుని వేలు పెట్టాను. రబ్బరు పెదవి అప్పంలా ఉబ్బి గాడిలోంచి సగం బయటికొచ్చేసింది. వేలు నాకితే ఉప్పు. గోడ వార చెయ్యి పెడితే చల్లగా సన్నటి నీటి దారం తగిలింది.

"ఆవిరనుకున్నామక్కా," అంది పైడితల్లి వెనక నుంచి.

రేపు శనివారం. ఎప్పట్లాగే నీళ్ళు తోడి, తెరిచి, నడుం ఆన్చి మూసి ఉంటే ఈ పెదవి గాడిలో కూర్చునేది కాదు. చెత్త గదిలోకి సముద్రాన్ని వదిలిన మరు నిమిషం తలుపు పక్కన ఏడుగురు ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ ఏడుగురూ అక్కడే నిలబడి నా మొహం చూస్తున్నారు.

"ఈ తలుపుకు ఏం పూశావు పైడితల్లీ?"

"కిర్రుకిర్రుమంటంటే నీ మోకాళ్ళ మందు పూసినాను. మూడు రోజులు రాసుకున్నాను, నాకూ పని సెయ్యనేదు. పారెయ్యడం ఎందుకని, ఆ ముందటి శనివారం తలుపు తీసినప్పుడు అంచంతా రాసినాను. ఎంత బాగా జారిందో!"

వంటశాల ఖాళీ చేయించి, నీళ్ళు తోడి, కొత్త రబ్బరు నా చేతుల్తో వేశాను. మూడు గంటలు పట్టింది.

ఏప్రిల్ 2

విశ్వంభర్ గారు నన్ను పిలిచి తలుపు వేశాడు. మంచివాడే. ఎదురుగా చూడలేక బల్ల మీద కాగితాలు సర్దుతూ మాట్లాడాడు.

"ఇందుమతి గారూ, మీ వెనక పేజీలు రిపోర్టులో పెట్టకుండా చూస్తాను. వంటశాల వాళ్ళు తెలియక ఏదో జిడ్డు పూశారు, రబ్బరు ఉబ్బింది, అని రాసేద్దాం. మిమ్మల్ని ఆర్నెల్లు సంతకానికి దూరం పెడతాం, అది తప్పదు. మీ సొంత విషయం మాత్రం బయటికి రాదు."

ఒక్క క్షణం ఎంత ఆశ పుట్టిందో. సరే అనడానికి నోరు తెరిచాను కూడా.

"తెలియక పూసింది ఎవరని రాస్తారు?" అని అడిగాను.

"వంటశాల పెద్ద. పైడితల్లి గారు."

అంటే ఊరంతా ఇకనుంచి పైడితల్లి ఊరిని ముంచబోయిందని చెప్పుకుంటారు. నా అబద్ధం ఆవిడ కొంగులో కట్టి పంపాను, ఇప్పుడు ఆ కొంగుకే నిప్పు అంటిస్తున్నాం. నాకు మంట పుట్టింది, ఆయన మీద కాదు, నా మీదే.

"అలా రాయొద్దు. నేనే చదువుతాను," అన్నాను.

సాయంత్రం మెస్సులో రెండు వందల పన్నెండు మందీ ఉన్నారు. బల్లెక్కలేదు, ఉన్నచోటే నిలబడి చదివాను. చీటీ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. జెల్లీ రబ్బరు ఎందుకు వద్దన్నానో చదివాను. మార్చి 6, ఇరవై నిమిషాలు, కడిగాను, ఆరబెట్టాను, సంచిలో పెట్టాను. మార్చి 9. మార్చి 12. వెనకెవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. నా చెవులు కాలిపోతున్నాయి. ఆగలేదు. ట్యూబు సంగతి, మోకాలి అబద్ధం, ముప్పై ఎనిమిదో తలుపు, చూడకుండా పెట్టిన ఎనిమిది సంతకాలు, అన్నీ చదివాను.

అయిపోయాక పైడితల్లి లేచింది.

"అయితే నీకు మోకాళ్ళ నొప్పి నేదా అక్కా? మూడు రోజులు రాసుకున్నాను గదే నాను!"

మెస్సు మెస్సంతా గొల్లుమంది. నేను కూడా నవ్వేశాను, కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నవ్వులు అణిగాక వెనక బల్ల దగ్గర ఎవరో మగగొంతు అడిగింది, ఎగతాళిగా కాదు: "అదంతా సరే. మౌనం గంటలోనే ఎందుకమ్మా? వేరే టైమే లేదా?"

"లేదు," అన్నాను. "ఆ ఒక్క గంటే నన్నెవరూ పిలవరు. మిగతా టైమంతా మీ తలుపులదే."

పైడితల్లి పక్కనున్న ఆవిడ కొంగుతో కళ్ళద్దుకోవడం చూశాను. ఆవిడకు ముగ్గురు పిల్లలు, ఇద్దరు ముసలివాళ్ళు, ఒక్కటే గది.

అప్పలసూరి గారు మాత్రం నా వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. ఆయన బాధ ఏమిటో నాకు తెలుసు. అది ఆ ఏడు రోజుల గురించి కాదు.

ఏప్రిల్ 10

సంతకం అధికారం తీసేశారు. ఆర్నెల్లు రబ్బర్లు చూడొచ్చు, కడగొచ్చు, పుస్తకంలో రాయొచ్చు. కింద సంతకం మాత్రం అప్పలసూరి గారిది. పొద్దున్న ముప్పై తొమ్మిది నుంచి నలభై ఆరు దాకా ఎనిమిది తలుపులూ చూశాను. ఆయన నా పక్కనే కూర్చుని ఒక్కోటీ తన వేలితో మళ్ళీ చూసి, అప్పుడు పెట్టాడు. ఇద్దరమూ ఒక్క మాట అనుకోలేదు. నలభై మూడో తలుపు దగ్గర మాత్రం తన టీ సగం నా గ్లాసులో పోశాడు.

హైమవతి చెప్పింది, ఈ వారం తొమ్మిది మంది వచ్చి జాబితా అడిగారట. "జెల్లీ రబ్బరు వద్దని ముందే చెబుతున్నారు, నా పని తగ్గింది," అంది. ఎవరెవరని నేను అడగలేదు.

సోమవారం సమావేశంలో కొత్త నియమం పెట్టారు. అడిగింది పైడితల్లి. మౌనం గంటలో మోటారు ఉన్న వస్తువు ఏదీ వాడకూడదు. దానికి బదులు, ఎవరి తలుపుకైనా గుడ్డ వేలాడుతుంటే ఒక గంట దాకా ఆ తలుపు తట్టకూడదు, పిలవకూడదు, ఎందుకని అడగకూడదు. అడిగితే వంటశాలలో వారం రోజులు ఉల్లిపాయలు తరగాలి.

ఇవాళ నాలుగింటికి మూడో వరసలో నడుచుకుంటూ వచ్చాను. రేకులన్నీ బిగించేశారు. తలుపులకు గుడ్డలు వేలాడుతున్నాయి, చీర ముక్కలు, తువ్వాళ్ళు, ఒకచోట పిల్లాడి చొక్కా. ముగ్గురు పిల్లలున్న ఆవిడ తలుపుకు పెద్ద పసుపు దుప్పటే వేలాడుతోంది. పిల్లలు ముగ్గురూ బయట గోడ వార కూర్చుని, తలుపు తట్టకుండా గంట ఎప్పుడవుతుందా అని చూస్తున్నారు.

నా తలుపుకు పాత జాకెట్టులో మిగిలిన ముక్క కట్టి లోపలికొచ్చాను.

వస్తువు సున్నా: వాడలేదు. సంచి పొడిగా ఉంది. కాళ్ళు చాపుకుని ఊరికే పడుకున్నాను. గంటంతా ఎవరూ రాలేదు.